కిటికీ కింది గొంతు

"ఎవరిదా గొంతు?" అని అనిల్‌కుమార్ అడగడం అది మూడోసారి.

హైమ మంచం అంచున కూర్చుని, చెవుల్లోంచి తీసిన ఇయర్‌ఫోన్ల వైరును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఎదురుగా బల్ల మీద ఆమె ల్యాప్‌టాప్ మూత వేసి ఉంది. పెళ్లికి ముందు బోనకల్‌లో ట్యూషన్లు చెప్పి కొనుక్కున్నది. ఆ ఇంట్లో ఆమెది అని చెప్పుకోదగ్గ వస్తువు అదొక్కటే. పొద్దుటి నుంచి ఇంటిల్లిపాదీ దాన్ని ఇంట్లో దూరిన దొంగను చూసినట్టు చూస్తున్నారు.

"అడిగేది నిన్నే. మగోని గొంతా, ఆడోళ్ల గొంతా? గదన్నా చెప్పు."

"సరిగ్గా తెలుస్తలేదండీ," అంది హైమ.

అది అబద్ధం. పెళ్లయిన మూడేళ్లలో మొగుడితో ఆమె చెప్పిన మొదటి పెద్ద అబద్ధం. అంత సులువుగా నోట్లోంచి వచ్చేసినందుకు ఆమెకే భయం వేసింది.

పొద్దున తొమ్మిదింటికి యూనివర్సిటీ వాళ్ల మెయిల్ వచ్చింది. శుక్రవారం ఆమె ఇంట్లో కూర్చుని రాసిన ఎంసీఏ ఆఖరి సెమిస్టర్ పరీక్షలో, ఇరవై మూడో నిమిషాన, ఇంకొకరి గొంతు వినిపించిందట. ఆ ముక్కను కోసి మెయిల్‌కు జత చేశారు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఆన్‌లైన్‌లో కమిటీ ముందు కూర్చోవాలి. ఆ గొంతు ఎవరిదైతే ఆ మనిషి ఆధార్ కార్డు పట్టుకుని కెమెరా ముందుకు వచ్చి ఒప్పుకోవాలి. లేదంటే పరీక్ష రద్దు, రెండేళ్ల దాకా మళ్లీ రాయనివ్వరు. పాసయితే వచ్చే నెల నుంచి ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చని హైదరాబాద్ కంపెనీ వాళ్లు ఇస్తామన్న ఉద్యోగం కూడా దాంతోపాటే పోతుంది.

శుక్రవారం సంగతి తలుచుకుంటే ఇప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియదు.

పరీక్ష కోసం ఎక్కించుకోమన్న ఆ సాఫ్ట్‌వేర్ మామూలుది కాదు. ఒకసారి తెరుచుకుందంటే ల్యాప్‌టాప్ ఇక మన మాట వినదు. వేరే ఏదీ తెరవనివ్వదు. గది నాలుగు మూలలూ కెమెరాకు చూపించమంటుంది, మంచం కింద చూపించమంటుంది, చెవుల్లో ఏమీ లేవని జుట్టు పక్కకు తీసి చూపించమంటుంది. పెళ్లిచూపుల్లో కూడా హైమను అంతలా ఎవరూ పరీక్షించలేదు.

మామగారు వెంకటప్పయ్య ఆ రోజు కోడలి పరీక్షను తన భుజాల మీద వేసుకున్నాడు. ముప్పై ఏళ్ల కింద కృష్ణా జిల్లా నుంచి వచ్చి, మణుగూరు దారిలో వాగు పక్కన మిర్చి వేసి నిలదొక్కుకున్న మనిషి. ఆ ఇంట్లో ఆయన మాటే చట్టం. "అది కళ్లున్న యంత్రం, దాని కంట్లో పడకుండా తిరగండి" అని అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఆయనకు తెలిసిన పరీక్షల్లో కాపలా అంటే హాల్లో అటూ ఇటూ తిరుగుతూ చూసే సారు. ఆ సారు చూస్తాడు, అంతే. చెవుల సంగతి ఎవరికీ తట్టలేదు.

దాంతో ఆ మూడు గంటలూ కిటికీ ముందు నుంచి పోవాల్సిన వాళ్లంతా నడుం వంచి పోయారు. అత్తగారు నాగలత మజ్జిగ చెంబు పట్టుకుని దాదాపు పాకుతూ పోయింది. మామగారైతే ఎవరూ రాకుండా తానే కాపలా ఉంటానని సరిగ్గా కిటికీ కిందే, తల పైకి కనపడకుండా మిర్చి బస్తాకు ఆనుకుని కూర్చున్నాడు. ఫ్యాన్ గాలికి కర్టెన్ కదిలినా పేచీ పెడుతుందేమోనని హైమ ఫ్యాన్ ఆపేసింది. ఉక్కకు తాళలేక కిటికీ రెక్కలు బార్లా తీసి పెట్టుకుంది.

పొద్దున ఆ ముక్కను మొదటిసారి విన్నప్పుడే గొంతు ఎవరిదో ఆమెకు తెలిసిపోయింది. రెండోసారి విన్నప్పుడు మాటలు తెలిశాయి. మూడోసారి వినడానికి ధైర్యం చాలలేదు.

"పింఛన్ కోసమని చెప్పు. వేలు పెట్టించేది పొలానికని బొజ్జయ్యకు తెలవకూడదు."

అంతే ఉంది అందులో. మామగారు ఫోన్లో ఎవరితోనో అంటున్నారు అనుకుంది హైమ.

ఆ ఏజెన్సీ మండలాల్లో ఆదివాసీలు కాని వాళ్ల పేరిట భూమి ఎక్కదు. వాగు పక్క నాలుగెకరాలు కాగితం మీద బొజ్జయ్యవి. దున్నుకునేది వెంకటప్పయ్య. ఇరవై ఏళ్లుగా అది అలాగే నడిచింది. బొజ్జయ్యది అవతలి ఆదివాసీ గూడెం. ఆయన కూతురు ప్రమీల హైమతోపాటు అదే ఎంసీఏ చదువుతోంది. ఏ కాగితమైనా చదివి అర్థం చేసుకోగలదు. ఆ భయంతోనే మామగారు ఆ పొలాన్ని ఇంట్లో పనిచేసే ముత్తక్క పేరుకు మార్పిస్తున్నట్టున్నారు. ముత్తక్కదీ ఆ గూడెమే, ఎదురు మాట తెలియని మనిషి. "ఎల్లుండి ముత్తక్కను తహసీల్ ఆఫీసుకు తీసుకుపోవాలి" అని నిన్న అన్నం దగ్గర మామగారు ఎందుకన్నారో హైమకు ఇవాళ అర్థమైంది.

ప్రమీలకు చెప్దామని పొద్దుటి నుంచి రెండుసార్లు ఫోన్ తీసింది. రెండుసార్లూ పక్కన పెట్టేసింది. ఏమని చెప్పాలి? మా ఇంటివాళ్లు మీ నాన్నను మోసం చేస్తున్నారనా? ఆ ఇంటి అన్నం తింటూ ఆ మాట ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. చెప్పనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేనైతే శుక్రవారం పొద్దుగాల్నే ఖమ్మం మార్కెట్‌కు పోయిన," అన్నాడు అనిల్‌కుమార్. "ఇంట్ల ఎవరెవరున్నరో నాకేమెరుక? నువ్వే చెప్పాలె."

అంతలో నాగలత తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. మెయిల్ వచ్చినప్పటి నుంచి ఆమె ఆ గదిలోకి రావడం మానేసింది. ఆ యంత్రం మూత వేసి ఉన్నా వింటూనే ఉంటుందని ఆమె అనుమానం.

"ఆ పిల్ల ప్రమీల ఆ రోజు పొద్దున్నే వచ్చింది కదా," అంది కొడుకును చూస్తూ. "వచ్చుడు చూసిన. పోవుడు నేను చూడలే."

"నెట్ కలిపి ఇచ్చి వెళ్లిపోయింది అత్తయ్యా. పరీక్ష మొదలు కాకముందే పోయింది."

"నేను చూడలేదంటున్న. బీరువా వెనకాల మనిషి పట్టేంత జాగా ఉన్నది."

"బీరువా వెనక కూడా కెమెరాకు చూపించిన."

"చూపించినాక దూరొచ్చుగా," అంది నాగలత. ఈ మాటకు కోడలు ఏం చెప్తుందోనని కాసేపు ఆగి చూసి, చెప్పకపోయేసరికి తన అనుమానం నిజమేనని తేల్చుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఒంటిగంటకు వెంకటప్పయ్య పొలం నుంచి వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు, అన్నం తిన్నాడు, చేయి తుడుచుకున్నాడు. ఆయన అలా నింపాదిగా ఉన్నాడంటే లోపల ఏదో తిరుగుతోందని ఇంట్లో అందరికీ తెలుసు. తిన్నాక కోడలిని హాల్లోకి పిలిచాడు.

మెయిల్ ఎన్నింటికి వచ్చిందని అడిగాడు. గొంతు ఏ టైముకు వినబడిందని అడిగాడు. ఎంతసేపు వినబడిందని అడిగాడు. ఇవన్నీ మాటవరసకు అడిగినట్టే అడిగాడు గానీ, ఒక్కో జవాబుకూ ఆమె కళ్లలోకే చూశాడు. హైమ కూడా ఆయన కళ్లలోకే చూసింది. మామగారి ముందు ఎప్పుడూ తల వంచుకునే పిల్ల అలా చూడటం ఆయన గమనించాడు.

"మాటలేంటమ్మా? ఏమని వినపడ్డాయి?"

హైమ చీర కుచ్చిళ్లను గట్టిగా పట్టుకుంది. "గాలి చప్పుడెక్కువుంది మామయ్యా. మగ గొంతని మాత్రం తెలుస్తున్నది. మాటలు తెలుస్తలేవు."

"నన్నొకసారి విననీయ్."

"అది ఒక్కసారే వినిపిస్తది. అయిపోయింది."

మామగారు ఆ మాట నమ్మాడో లేదో తెలియదు. కాసేపు మీసం దువ్వుకున్నాడు. అనిల్‌కుమార్ మెయిల్ చూపించమన్నాడు. హైమ ఫోన్ ఇచ్చింది. అతను మొదటి పేజీ చదివి, కార్డు, నాలుగు గంటలు, కమిటీ అన్నవి తండ్రికి చెప్పి ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. ఏ పనిలోనైనా మొదటి పేజీతోనే ఆపేయడం అతనికి కాలేజీ రోజుల నుంచీ అలవాటు. వచ్చిన మనిషికి ఆ రికార్డును కమిటీ వాళ్లే వినిపించి అడుగుతారని రెండో పేజీలో ఉంది.

"మామయ్యా, ఆ రోజు కిటికీ కింద కూర్చున్నది మీరే కదా," అంది హైమ చివరికి. "అది మీ గొంతేనని మీరొక్కమాట చెప్తే అయిపోతది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఈ వయసులో నేను కార్డు చూపించి ఎవరికో సంజాయిషీ చెప్పుకోవాలా," అన్నాడు వెంకటప్పయ్య. గొంతు పెంచలేదు. "బొజ్జయ్యను పిలిపిద్దాం. నీళ్లు అడగటానికి కిటికీ దగ్గరికొచ్చానని చెప్తాడు. మనం చెప్తే కాదనడు."

"ఆయన వద్దు," అంది హైమ.

"ఎందుకు వద్దు?"

ఇప్పుడు కారణం చెప్పిందంటే మాటలన్నీ విన్నానని ఒప్పుకున్నట్టే. అప్పుడు బొజ్జయ్య రాడు, ల్యాప్‌టాప్ ఉండదు, నాలుగింటి కమిటీ ఉండదు. రేపటి పని మాత్రం రేపు జరిగిపోతుంది. బొజ్జయ్య వస్తే ఆ మాటలు తన చెవులతో తాను వింటాడు. ఇదంతా ఆలోచించి తేల్చుకుందని కాదు. భయంలో, ఒక్క క్షణంలో ఆమె లోపల ఏదో అటు మొగ్గింది.

"ఎండలో పెద్దాయనను తిప్పడమెందుకని," అంది.

"బండి మీద తెస్తాడులే అనిల్," అన్నాడు మామగారు. ఇంకాసేపు ఆమెనే చూసి లేచాడు.

మూడున్నరకు అనిల్‌కుమార్ బొజ్జయ్యను బండి మీద తీసుకొచ్చాడు. ఉతికిన పంచె, భుజాన తువ్వాలు, ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డు. ల్యాప్‌టాప్ ఉన్న గది అనగానే చెప్పులతోపాటు నోట్లో చుట్ట కూడా తీసి బయట పెట్టి వచ్చాడు. ఏం చెప్పాలో దారిలోనే అనిల్‌కుమార్ నేర్పాడట. గొంతు నాదే, నీళ్లకోసం వచ్చిన, అంతే.

"నీ సదువుకు అక్కరకొస్తదంటే గామాత్రం చెప్పలేనా బిడ్డా," అన్నాడు కుర్చీలో సగమే కూర్చుని. "మా ప్రమీల రోజూ నీ ముచ్చటే చెప్తది. రేపు నాకు కూడా ఆఫీసుల పనున్నది. పింఛన్‌కు వేలు పెట్టాల్నట. చినబాబే బండి మీద తోల్కపోతనన్నడు, మంచి పిలగాడు."

హైమకు ఇప్పుడు చెప్పేయాలనిపించింది. కమిటీ వద్దు, చదువు వద్దు, ఈ ముసలాయన చెవిలో రెండు మాటలు చెప్పి పంపించేయాలనిపించింది. నోరు తెరిచేసరికి నాగలత టీ గ్లాసుతో గుమ్మంలో ఉంది. ఆమె టీ ఇచ్చి పోలేదు. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారోనని అక్కడే నిలబడి, ఆయన ఆఖరి గుక్క తాగేదాకా ఉండి, ఖాళీ గ్లాసు పట్టుకుని వెళ్లింది.

నాలుగింటికి మామగారు స్వయంగా వచ్చి కిటికీ రెక్కలు మూసి గడియ వేశాడు. శుక్రవారం రాని తెలివి ఇవాళ వచ్చింది. హైమ, బొజ్జయ్య తప్ప అందరూ బయటికి వెళ్లారు. అనిల్‌కుమార్ మాత్రం గుమ్మం కర్టెన్ అవతల నిలబడ్డాడు. కర్టెన్ కింద అతని పాదాలు కనపడుతూనే ఉన్నాయి.

హైమ సాఫ్ట్‌వేర్ తెరిచింది. అది మళ్లీ గదంతా చూసింది, మంచం కింద చూసింది. తరువాత తెర మీద ముగ్గురు మనుషులు వచ్చారు. మధ్యలో కళ్లద్దాల మేడమ్ మాట్లాడింది. ఈ విచారణ అంతా రికార్డవుతుందని, మధ్యలో ల్యాప్‌టాప్ మూసినా ఆపినా తప్పు ఒప్పుకున్నట్టే లెక్కని మొదటే చెప్పింది. హైమ సరేనంది.

మేడమ్ బొజ్జయ్యను కార్డు చూపించమంది. ఆయన రెండు చేతులతో కార్డును తెరకు ఆనించేంత దగ్గరగా పెట్టాడు. కొంచెం వెనక్కి జరపమని ఆమె మర్యాదగానే చెప్పింది.

"శుక్రవారం పరీక్ష టైమ్‌లో వినిపించిన గొంతు మీదేనా?"

"అవ్. నాదే," అన్నాడు బొజ్జయ్య. నేర్పిన పాఠం తప్పు పోకుండా చెప్పినందుకు హైమ వైపు చూసి నవ్వాడు.

"సరే. ఒకసారి వినిపిస్తాం. విని చెప్పండి."

కర్టెన్ కింద పాదాలు కదిలాయి.

ల్యాప్‌టాప్‌లోంచి ముందు కాకుల అరుపు వచ్చింది. తరువాత వెంకటప్పయ్య గొంతు, పక్కన కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా. "పింఛన్ కోసమని చెప్పు. వేలు పెట్టించేది పొలానికని బొజ్జయ్యకు తెలవకూడదు."

మెయిల్‌లో ఇక్కడితో ఆగిపోయింది. కమిటీ దగ్గరున్నది ఆగలేదు.

"ప్రమీల ఎంబడి వస్తనంటదేమో," అంది ఇంకో గొంతు.

"రాకుండా చూడు."

"సరే నాన్నా. నేనే బండి మీద తీసుకపోత."

పొద్దున మామగారు ఫోన్లో మాట్లాడుతున్నారని హైమ అనుకుంది కానీ అది ఫోన్ కాదు. ఖమ్మం మార్కెట్‌లో ఉన్నానన్న మనిషి, తను లోపల చెమటలు కక్కుతూ పరీక్ష రాస్తుంటే, జానెడు గోడకు అవతల తండ్రి పక్కన నక్కి కూర్చున్నాడు. మామగారి మోసం ఆమెను భయపెట్టింది. ఇది వేరు. పొద్దుటి నుంచి మూడుసార్లు ఎవరి గొంతని అడిగింది ఆమె నోటి నుంచి నిజం రాబట్టడానికి కాదు, నిజం ఎంతవరకు బయటపడిందో తెలుసుకోవడానికి.

మేడమ్ కళ్లద్దాలు సవరించుకుంది. "మీ కార్డులో పేరు బొజ్జయ్య అని ఉంది. వీళ్లు మాట్లాడుకున్నది మీ గురించేనా?"

బొజ్జయ్య ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు అలాగే ఉంచుకుని, తన కుడిచేతి బొటనవేలిని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"గొంతు నాది కాదమ్మా," అన్నాడు. "పేరు నాది."

"మరి గొంతు ఎవరిది?"

ఆయన హైమను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఈమెకు ముందే తెలుసా అన్న అనుమానం మాత్రం ఉంది.

"నాకు ఎరుకనే," అన్నాడు. "కానీ నేను చెప్ప. ఈ బిడ్డ ఇంటోళ్లు గదా, ఈమెనే చెప్పనియ్యున్రి."

"హైమ గారూ," అంది మేడమ్. "మీ సాక్షి గొంతు తనది కాదంటున్నారు. మీరు చెప్పాలి. ఆ మనిషి కెమెరా ముందుకు రావాలి. లేకపోతే ఈ విచారణ ఇక్కడితో ముగిస్తాం."

కర్టెన్ తొలగింది. అనిల్‌కుమార్ గదిలోకి వచ్చాడు. బొజ్జయ్య వైపు చూడలేదు. నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, కెమెరాకు అందకుండా పక్కన నిలబడి, ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి వేశాడు.

"బంద్ చెయ్," అన్నాడు పళ్ల బిగువున. "సదువు మళ్లన్నా సదువుకోవచ్చు. నేను సదివిస్త."

మూత మెల్లగా ముందుకు వాలసాగింది. తెర మీద ముగ్గురి ముఖాలు వంగిపోతున్నాయి. హైమ ఆ చేతి మీద తన చెయ్యి వేసి పట్టుకుంది. తన చేతిలో అంత బలం ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. మూత ఆగిపోయింది.

"రెండో గొంతు మా ఆయనది మేడమ్," అంది. "ఇక్కడే ఉన్నారు. ఆధార్ కార్డు తెప్పించమంటారా?"